కవలలని తెలిసిన రోజున అడగవలసిన ప్రశ్న

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఈమధ్య ఒక ఫొటో వచ్చింది. ఆపరేషన్ థియేటర్లో ఆకుపచ్చ గుడ్డ మీద రెండు బొడ్డుతాళ్లు జడ పాయల్లా ఒకదానితో ఒకటి పెనవేసుకుని, మధ్యలో ఒకచోట ముడి పడి కనిపిస్తున్నాయి. అవి మా పిన్ని కూతురికి పుట్టిన కవల ఆడపిల్లలవి. పిల్లలిద్దరూ క్షేమమని, ప్రస్తుతం ఐసీయూలో ఉన్నారని ఫొటో కింద ఆమె భర్త రాశాడు. దణ్ణాలు, దీవెనలు వరసగా వచ్చాయి. వాటి మధ్యలో ఒక పెద్దావిడ పంపిన వాయిస్ మెసేజ్ కూడా వచ్చింది. "నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను, పక్కకు తిరిగేటప్పుడు లేచి కూర్చుని తిరగమని. ఈ కాలం పిల్లలు వింటేనా? అటూ ఇటూ పొర్లి పడుకుంటే పేగులు పెనవేసుకోక ఏమవుతాయి?"

ఆవిడకు దురుద్దేశం లేదు. ఇంట్లో ఎవరికి పురుడొచ్చినా ముందు పరుగెత్తుకొచ్చే మనిషి. కానీ ఆ మాట వినవలసిన అమ్మాయి అప్పటికి కుట్ల నొప్పితో ఆసుపత్రి మంచం మీద, పిల్లలను ఇంకా ఒళ్లోకి తీసుకోకుండా, ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉంది. సాయంత్రం నేను వెళ్లినప్పుడు "నిజంగా నావల్లే అయిందా అక్కా?" అని అడిగింది. ఆమెకు జవాబు చెప్పడానికి మొదలుపెట్టిన ఆలోచన అక్కడితో ఆగలేదు. బొడ్డుతాడు విషయంలో మన భయం తప్పు చోట స్థిరపడిపోయిందని, దానివల్ల తల్లికి నిందా, కుటుంబానికి అనుమానమూ మిగులుతున్నాయని, అడగవలసిన ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగకుండానే నెలలు గడిచిపోతున్నాయని నాకు గట్టిగా అనిపిస్తోంది. కడుపులో ఇద్దరున్నారని తెలిసిన రోజున అడగవలసింది మాయలు (ప్లాసెంటాలు) ఎన్ని, ఉమ్మనీటి సంచులెన్ని అని. పేగు సంగతి దాని తర్వాత వస్తుంది.

పొర్లడానికీ పేగుకూ ఉన్న సంబంధం

గర్భిణి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరగాలంటే ముందు లేచి కూర్చోవాలన్న నియమం తెలుగు ఇళ్లలో ఎంత గట్టిగా పాతుకుపోయిందో కాన్పు చూసిన ఆడవాళ్లందరికీ తెలుసు. ఏడో నెలలో కవలల కడుపుతో మా చెల్లెలు దాన్ని పాటించిన తీరు నేను దగ్గరుండి చూశాను. నడుము పట్టేసి మెలకువ వచ్చిన ప్రతిసారీ మోచేతి మీద బరువు మోపి లేచేది, కాళ్లు మంచం కిందికి దించేది, ఒక చేత్తో మంచంకోడు పట్టుకుని కాసేపు ఊపిరి పీల్చుకునేది, అప్పుడు రెండోవైపు మెల్లగా ఒరిగేది. తెల్లవార్లూ ఇదే. నిద్ర కరువై పగలు కళ్లు మూతలు పడుతున్నా, నిద్రమత్తులో ఒకసారి లేవకుండా తిరిగానేమోనన్న దిగులు మాత్రం ఆమెను వదల్లేదు.

బిడ్డ ఉండేది నీటిలో. తల్లి దొర్లితే గర్భాశయమూ, నీరూ, మాయా, బిడ్డా అన్నీ కలిసే కదులుతాయి కాబట్టి, తల్లి పక్క మార్చడంవల్ల తాడు బిడ్డ మెడకు చుట్టుకోవడం అనేది జరగదు. చుట్టుకునేది బిడ్డ తనంతట తాను చేసే కదలికలవల్ల. నెలలు నిండాక తాడు పొడవు మామూలుగా 50 నుంచి 60 సెంటీమీటర్లు ఉంటుంది, అంతకంటే పొడవైన తాడున్న బిడ్డకు చుట్టుకునే అవకాశం కూడా ఎక్కువ. నిండు నెలల కాన్పుల్లో నాలుగైదింటికి ఒకదానిలో మెడ చుట్టూ తాడు కనిపిస్తుంది. ఇవాళ స్కానులో కనిపించిన చుట్టు వారం తర్వాత కనిపించకపోవచ్చు, ఎందుకంటే చుట్టుకున్న బిడ్డే విడిపించుకుంటుంది కూడా. కాన్పు చేసేవారు తల బయటికి రాగానే మెడ దగ్గర వేలు పెట్టి చూసి, వదులుగా ఉంటే తల మీదుగా తప్పించేస్తారు. బిడ్డ ఏడుస్తుంది, అంతటితో సరి.

మెడకు చుట్టుకుంటే ఊపిరాడదన్న భయం కూడా పెద్దవాళ్ల శరీరాన్ని ఊహించుకోవడంవల్ల వచ్చిందే. కడుపులోని బిడ్డ గొంతుతో ఊపిరి పీల్చదు. ప్రాణవాయువు తాడులోని ఒక సిర గుండా లోపలికి వస్తుంది, వాడిన రక్తం రెండు ధమనుల గుండా మాయకు తిరిగి వెళుతుంది. ఈ మూడింటి చుట్టూ వార్టన్ జెల్లీ అనే జిగురు పదార్థం మందంగా ఉండి, మెలిక పడినా రక్తనాళాలు నొక్కుకుపోకుండా కాపాడుతుంది. ప్రమాదమంటూ వస్తే ఆ తాడులో రక్తప్రవాహం ఆగినప్పుడు వస్తుంది, అది మెడ దగ్గరే కానక్కర్లేదు. ఇరవై ఎనిమిది వారాల తర్వాత వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి నిద్రపోవాలని డాక్టర్లు చెబుతారు, అది మంచి సలహా. దాని కారణం వేరు: బరువెక్కిన గర్భాశయం తల్లి వెన్ను దగ్గరి పెద్ద రక్తనాళాలను నొక్కకూడదని. ఏ పక్క నుంచి ఏ పక్కకు ఎలా తిరిగారన్నది అందులో లేదు.

ఒకే సంచిలో ఇద్దరు

ఇదంతా ఒంటి బిడ్డకూ వర్తిస్తుంది. ఫొటోలో ఉన్నది మాత్రం వేరే సంగతి, ఎందుకంటే అక్కడ ఒక బిడ్డ తాడు ఆ బిడ్డకే చుట్టుకోలేదు, ఇద్దరి తాళ్లూ ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి. ఇలా జరగడం కవలల్లో కొందరికే సాధ్యం. రెండు అండాల నుంచి వచ్చిన కవలలకు ఎవరి మాయ వారిదే, ఎవరి సంచి వారిదే. ఒకే అండం నుంచి వచ్చి రూపంలో ఒక్కలాగే ఉండే కవలల్లో, ఆ పిండం ఎన్నో రోజున రెండుగా చీలిందన్నదాన్ని బట్టి అమరిక మారుతుంది. మొదటి మూడు రోజుల్లో చీలితే రెండు మాయలు, రెండు సంచులు. నాలుగు నుంచి ఎనిమిదో రోజు మధ్య చీలితే మాయ ఒకటి, సంచులు రెండు. ఇలాంటివారే ఎక్కువ. ఎనిమిది రోజులు దాటి, పదమూడో రోజు లోపల చీలితే మాయా ఒకటే, సంచీ ఒకటే. డాక్టర్లు మోనోఅమ్నియాటిక్ కవలలు అనేది వీరిని. ఒకే అండం కవలల్లో వీరు నూటికి ఒకరిద్దరు. మొత్తం గర్భాల్లో చూస్తే సుమారు 10,000కు ఒకటి.

రెండు సంచులుంటే మధ్యలో పొర ఉంటుంది. ఎంత పలచనిదైనా అది ఉన్నంతకాలం ఒకరి తాడు ఇంకొకరి తాడును తాకలేదు. సంచి ఒకటే అయినప్పుడు ఇద్దరూ ఒకే నీటిలో ఈదుతారు, పైగా ఇద్దరి తాళ్లూ మాయ మీద పక్కపక్కనే మొలవడం కద్దు. అందుకని జాగ్రత్తగా వెతికితే ఇటువంటి కవలల్లో దాదాపు అందరిలోనూ తాళ్లు పెనవేసుకునే ఉంటాయని అల్ట్రాసౌండ్ నిపుణులు ఇప్పుడు తేల్చారు. అది మొదలయ్యేది కూడా చివరి నెలల్లో కాదు. పిల్లలు బొటనవేలంత ఉండి, చుట్టూ కావలసినంత చోటున్న మూడో నెలలోనే మెలికలు పడటం స్కానుల్లో కనిపించింది. అంటే మా చెల్లెలికి కడుపు పైకి కనిపించకముందే, లేచి కూర్చుని తిరగమని ఆమెకు ఎవరూ చెప్పకముందే, ఆ తాళ్లు ఒకదాన్నొకటి దాటి ఉంటాయి. ఆ సాయంత్రం నేను ఆమెకు చెప్పిన జవాబు ఇదే. విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఆ పెద్దావిడకు తనే ఫోను చేసి పిల్లల బరువులు చెప్పింది.

రిపోర్టులో రాయని మాట

ఆమె మొదటి స్కాను తమ ఊళ్లోనే ఎనిమిదో వారంలో జరిగింది. "జంట గర్భం, రెండు గుండె చప్పుళ్లు" అని రిపోర్టులో ఉంది. మూడో నెలాఖరులో ఇంకోచోట ఎన్‌టీ స్కాను తీశారు. ఇద్దరి మెడ వెనక కొలతలూ, ముక్కు ఎముకా, పొడవూ మిల్లీమీటర్లతో సహా రాసి ఉన్నాయి. మాయల సంఖ్య గానీ, మధ్యలో పొర ఉందా లేదా అన్నది గానీ ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఎవరూ అడగలేదు. అడగాలని ఇంట్లో ఎవరికీ తెలియదు, చూసిన డాక్టరమ్మ పిల్లలు బాగున్నారని చెప్పి పంపేశారు.

ఐదో నెలలో పిల్లల అవయవాలన్నీ చూసే టిఫా స్కానుకు హైదరాబాదు వచ్చినప్పుడు నేను తోడు వెళ్లాను. అక్కడి డాక్టరు మామూలు కొలతలన్నీ అయ్యాక కూడా ప్రోబు తీయలేదు. గది లైటు ఇంకా తగ్గించమన్నారు. మా చెల్లెల్ని ఎడమ పక్కకు తిరగమన్నారు, తర్వాత కుడి పక్కకు, మళ్లీ వెల్లకిలా, మధ్యలో కాసేపు నడిచి రమ్మన్నారు. వెంట్రుక మందాన ఒక గీత కోసం అంతసేపు వెతికారని తర్వాత అర్థమైంది. ఆ గీత కనపడలేదు. రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే డాప్లర్ పెడితే పిల్లల మధ్య ఎరుపూ నీలమూ కలగాపులగంగా ఒక ముద్దలా కనిపించింది. ఆ ముద్ద మీద ఒకేచోట గుర్తు పెట్టి చూస్తే తెర అడుగున రెండు గుండెల లయలు, ఒకటి కొంచెం వేగంగా, ఒకటి కొంచెం నెమ్మదిగా, ఒకదాని మీద ఒకటి పడుతూ నడిచాయి. ఇద్దరి తాళ్లూ అక్కడ కలిసి ఉన్నాయనడానికి అదే రుజువని ఆయన చెప్పారు.

మాయలెన్ని, సంచులెన్ని అన్నది కనిపెట్టడానికి అనువైన సమయం 11 నుంచి 14 వారాల మధ్య. అప్పుడు మాయలు రెండైతే అవి కలిసేచోట పొర మొదట్లో మందంగా ముక్కోణంలా కనిపిస్తుంది, దాన్ని లాంబ్డా గుర్తంటారు. మాయ ఒకటై సంచులు రెండైతే పలచని పొర నిటారుగా వచ్చి తగులుతుంది, అది టీ గుర్తు. నెలలు పెరిగేకొద్దీ ఈ గుర్తులు మసకబారతాయి, పొర పిల్లల మధ్య నలిగి కనిపించదు, లేని పొర ఉందనీ ఉన్న పొర లేదనీ పొరబడే అవకాశం పెరుగుతుంది. సంచి ఒకటే అన్న అనుమానం వచ్చినప్పుడు ఇంకొకరి చేత మరోసారి చూపించుకోవడం కూడా అవసరమే. ముక్కు ఎముక కొలిచిన స్కానులోనే, అదే తెర మీద, అదే నిమిషంలో తెలిసే విషయమిది. అందుకే దాన్ని రాయకపోవడం నాకు చిన్న లోపంగా అనిపించడం లేదు.

ప్రభుత్వ వ్యవస్థలో కూడా కవలలంతా ఒకే కోవలో పడతారు. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద 2016 నుంచి ప్రతినెలా 9వ తేదీన గర్భిణులను పరీక్ష చేసి, ప్రమాదం ఎక్కువున్నవారి కార్డు మీద ఎర్ర స్టిక్కరు అంటిస్తారు. కవలలుంటే ఎర్ర స్టిక్కరే. అది మంచి ఏర్పాటు. కానీ రెండు మాయల కవలలకూ, ఒకే మాయ కవలలకూ, ఒకే సంచి కవలలకూ అదే స్టిక్కరు, అదే రంగు. ఒకే మాయను పంచుకునేవారిలో నూటికి 10 నుంచి 15 మందికి ఒక బిడ్డ రక్తం ఇంకో బిడ్డకు మళ్లే జబ్బు వస్తుంది. దాన్ని పట్టుకోవడానికే వారికి పదహారో వారం నుంచి రెండు వారాలకొకసారి స్కాను చేయాలంటారు. అంటే సంచుల మాట పక్కన పెట్టినా, మాయల లెక్క తెలియకుండా ఎవరికి ఎన్ని స్కానులు కావాలో కూడా తెలియదు.

ముడి ఎంత ప్రమాదం?

ఇక్కడ నన్ను ఆపి అడగదగ్గ ప్రశ్న ఒకటుంది. ముందుగా తెలిసి ఏం చేస్తారు? కడుపులోకి చెయ్యి పెట్టి ముడి విప్పలేరు కదా? నిజమే, విప్పలేరు. ఇంకా చెప్పాలంటే, ఆ ముడిని చూసి జరగబోయేది చెప్పడం కూడా కుదరదు. పాత వైద్య పుస్తకాల్లో ఈ కవలల్లో సగం మందికి పైగా దక్కరని ఉండేది, ఆ నష్టమంతా తాళ్ల ముడి ఖాతాలో వేసేవారు. 2010లో లండన్ వైద్యులు ప్రచురించిన ఒక పరిశీలన, 2013లో వచ్చిన ఒక సమీక్ష ఆ అభిప్రాయాన్ని మార్చాయి. బతికిన పిల్లల తాళ్లూ పెనవేసుకునే ఉన్నాయి. దక్కని పిల్లల్లో ఎక్కువమందిని తీసుకుపోయినవి అవయవ లోపాలు, తొలి నెలల్లోనే గర్భం నిలవకపోవడం, మరీ ముందుగా పుట్టడం. ప్రసూతి అల్ట్రాసౌండ్ నిపుణుల అంతర్జాతీయ సంఘం 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా తాళ్ల మెలికే పిల్లల మరణాలను పెంచుతున్నట్టు కనిపించడం లేదనే అంటున్నాయి.

అయితే ఇది చదివి ధైర్యంగా నిద్రపోవచ్చని నేను అనలేను. ఏ లోపమూ లేని ఇద్దరు పిల్లలు, నిన్నటి స్కానులో బాగున్నవారు, ఇవాళ ఉన్నట్టుండి పోయిన సందర్భాలు ఉన్నాయి. మాయ ఒకటే కాబట్టి ఒక బిడ్డ పోతే రెండో బిడ్డ రక్తం ఒక్కసారిగా అటు మళ్లి, ఆ బిడ్డ ప్రాణానికో మెదడుకో ముప్పు వస్తుంది. అందుకే 26–28 వారాల నుంచి తల్లిని ఆసుపత్రిలోనే ఉంచి రోజుకు రెండు మూడుసార్లు పిల్లల గుండె లయ చూడాలని కొందరు వైద్యులంటారు, ఇంటి నుంచి తరచుగా వచ్చి చూపించుకున్నా ఫలితంలో పెద్ద తేడా లేదని 2019లో పలు దేశాల ఆసుపత్రుల వివరాలతో వచ్చిన అధ్యయనం అంటుంది. మా చెల్లెలి కుటుంబానికి అన్ని వారాల గది అద్దె తలకు మించిన భారం. ఆసుపత్రికి దగ్గరలో బంధువుల ఇంట్లో ఉండి, రోజు విడిచి రోజు వెళ్లి గుండె లయ చూపించుకున్నారు. ఆ అధ్యయనం తప్పని తేలివుంటే ఏమయ్యేదన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలడం లేదు.

తెలిసినందువల్ల ఒరిగినవి మాత్రం కచ్చితంగా ఉన్నాయి. పిల్లల గుండెలను ప్రత్యేకంగా పరీక్షించారు. నెలలు నిండని ఇద్దరు పిల్లలను ఒకేసారి చూడగల ఐసీయూ ఉన్న చోటు ముందే కుదిరింది. ఊపిరితిత్తులు బలపడటానికి తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు సమయానికి పడ్డాయి. అన్నిటికంటే ముఖ్యంగా, నొప్పులు మొదలయ్యేదాకా ఎవరూ ఎదురుచూడలేదు.

ఎనిమిదో నెల

ఒకే సంచి కవలలకు 32 నుంచి 34 వారాల మధ్య సిజేరియన్ చేయాలన్న విషయంలో ప్రపంచమంతటా వైద్య సంఘాలు ఇంచుమించు ఒకే మాట మీద ఉన్నాయి. మామూలు కాన్పు ఎందుకు వద్దంటే, మొదటి బిడ్డ కిందికి దిగుతున్నకొద్దీ అప్పటిదాకా వదులుగా ఉన్న ముడి బిగుసుకుంటుంది, పైనున్న రెండో బిడ్డకు రక్తం ఆగిపోవచ్చు. ఇంకో భయంకరమైన సంగతి కూడా వైద్య గ్రంథాల్లో నమోదై ఉంది. మొదటి బిడ్డ తల బయటికి వచ్చినప్పుడు మెడకు బిగుతుగా చుట్టుకున్న తాడును మామూలుగా కాన్పు చేసేవారు క్లిప్పులు వేసి కోసేస్తారు. ఒకే సంచి కవలల్లో అది ఇంకా కడుపులోనే ఉన్న రెండో బిడ్డ తాడు అయి ఉండవచ్చు. సంచి ఒకటే అని ముందుగా తెలియని చోట ఆ చేతిని ఆపడానికి ఎవరూ ఉండరు. ఈ ఒక్క కారణం చాలు, సంచుల లెక్క కార్డు మీద ఉండాలనడానికి.

మన ఇళ్లలో ఈ 32–34 వారాల మాటకు ఒక అడ్డంకి ఉంది. ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డ బతకదని మనవాళ్ల నమ్మకం. డాక్టరు చెప్పిన తేదీ సరిగ్గా ఎనిమిదో నెలలో పడింది. మా చెల్లెలి అత్తగారు వారం రోజులపాటు అన్నం సరిగ్గా తినలేదు. తొమ్మిదో నెల వచ్చేదాకా ఆగమని కొడుకును బతిమాలారు. ఆవిడను తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ముందుగా పుట్టడంలోని ప్రమాదాన్ని ఆవిడ సరిగ్గానే గుర్తించారు. ఆ వారాల్లో పుట్టిన పిల్లలకు ఊపిరి తీసుకోవడం కష్టం, పాలు పీల్చడం రాదు, ఒళ్లు వెచ్చగా నిలవదు, రోజూ వేలల్లో ఖర్చు. అయినా ఏడో నెల కంటే ఎనిమిదో నెల బిడ్డే గట్టి బిడ్డ. లోపల గడిచిన ప్రతి వారమూ బిడ్డకు బలమే. ఒకే సంచిలో మాత్రం ఆ బలం ఒకవైపు, ఉన్నట్టుండి గుండె ఆగే భయం ఒకవైపు తూగుతాయి, ఆ తూకం 32–34 వారాల దగ్గర మారుతుంది. ఆ రెండు వారాల లోపల తారాబలం చూసుకుని రోజు ఎంచుకుంటే నాకు అభ్యంతరం లేదు. వాళ్లూ అలాగే ఎంచుకున్నారు. మంచి ముహూర్తం కోసం ఆ వారాలు దాటించడానికి మాత్రం ఒప్పుకోను.

అందరికీ చెప్పే మాటే కదా

అత్తగారి భయం కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆమె పెద్దకొడుకు అన్న మాట. "పేగు చుట్టుకుంది, ఆపరేషన్ చేయాలి అని అందరికీ చెప్పేదే కదమ్మా. నా భార్యకూ అదే చెప్పారు, మా తోడల్లుడి భార్యకూ అదే చెప్పారు." ఆ మాటకు నా దగ్గర గబుక్కున జవాబు లేకపోయింది, ఎందుకంటే అతను చెప్పింది నిజం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం 42.4 శాతం, ప్రైవేటులో 63 శాతం. దేశం మొత్తమ్మీద సగటు 21.5 శాతం. ఇన్ని ఆపరేషన్లకు ఇంట్లోవాళ్లకు చెప్పే కారణాల్లో మెడకు పేగు చుట్టుకుందన్నది ఎంత తరచుగా వినిపిస్తుందో మనందరికీ తెలుసు. గుండె లయ బాగుండి, నొప్పులు సవ్యంగా నడుస్తున్నప్పుడు మెడ చుట్టూ ఒక చుట్టు కనిపించినంత మాత్రాన ఆపరేషన్ అక్కర్లేదు.

ఆపరేషన్లన్నీ డబ్బు కోసమే చేస్తారని నేను అనడం లేదు. నొప్పులు భరించలేమని, ముహూర్తం కావాలని కుటుంబాలే అడగడమూ ఉంది, ఏదైనా జరిగితే ఆసుపత్రి మీదికి జనం వస్తారన్న భయం డాక్టర్లకూ ఉంది. అయితే అవసరం లేని చోట చెప్పిన కారణం, అవసరమైన చోట విలువ పోగొట్టుకుంటుంది. నిజంగా రెండు తాళ్లు ముడిపడ్డ పిల్లలు కడుపులో ఉండగా, ఆపరేషన్ తప్ప దారి లేని చోట, ఒక కుటుంబం నాలుగు రోజులు డాక్టరు మాటను అనుమానిస్తూ గడిపింది.

కవలలంటేనే సిజేరియన్ అన్న ఆలోచనకూ ఆధారం తక్కువ. 2013లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, మొదటి బిడ్డ తల కిందికి ఉన్న సుమారు 2,800 మంది కవలల తల్లులను రెండు భాగాలు చేసి, ఒకరికి సిజేరియన్, ఒకరికి మామూలు కాన్పు అనుకుని చూశారు. పిల్లలకు తీవ్రమైన హాని సిజేరియన్ వైపు 2.2 శాతం, మామూలు కాన్పు వైపు 1.9 శాతం, అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒకే సంచి కవలలను మాత్రం ఆ అధ్యయనంలో మొదటే చేర్చుకోలేదు. చాలామంది కవలల తల్లులకు ఆపరేషన్ తప్పించడానికీ, కొద్దిమందికి అది తప్పదని ఒప్పించడానికీ కావలసింది ఒక్కటే సమాచారం. అది మూడో నెల రిపోర్టులో ఉండాలి.

మేనమామ సంగతి

పేగు మెడలో వేసుకుని పుట్టిన బిడ్డ మేనమామకు గండమని, నూనెలో బిడ్డ నీడ చూశాకే ముఖం చూడాలని మనలో ఒక ఆచారం ఉంది. తాళ్లు ముడిపడ్డ ఫొటో చూశాక ఆ మాటా లేచింది. మా చెల్లెలి తమ్ముడు రాత్రింబవళ్లు ఆసుపత్రి కింద మందుల షాపు దగ్గరా, బ్లడ్ బ్యాంకు దగ్గరా తిరిగాడు గానీ, శాంతి జరిగేదాకా పైకి రావద్దన్నారని ఐసీయూ ఉన్న అంతస్తు ఎక్కలేదు. నెలలు నిండని పిల్లల విషయంలో తల్లి కాకుండా ఇంకో ఇద్దరు దగ్గరి మనుషులు ఒంటికి హత్తుకుని వెచ్చదనం ఇవ్వగలిగితే ఎంత మేలో అక్కడి నర్సులు చెబుతూనే ఉన్నారు. శాంతి చేయించుకోవడాన్ని నేను కాదనను, అది వారి మనశ్శాంతి. ఆ మనిషి అవసరమైన రోజుల్లో అతన్ని కింద నిలబెట్టడమే నాకు బాధ కలిగించింది.

తెలియడం మేలేనా

ఇంతా రాశాక కూడా ఒక సందేహం నాలో మిగిలే ఉంది. ఐదో నెల నుంచి కాన్పు దాకా మా చెల్లెలు ఎలా బతికిందో చూశాను. కడుపులో కదలిక పది నిమిషాలు తెలియకపోతే ముఖం తెల్లబడేది. పిల్లలకు పేర్లు అనుకోవడానికి ఒప్పుకోలేదు. సీమంతం వద్దంది. తెలియకపోయి ఉంటే ఆ నెలలు సంతోషంగా గడిచేవేమో, పిల్లలు అప్పుడూ దక్కేవేమో. ఎవరూ చెప్పలేరు. తెలియడమే మంచిదని నేను వాదిస్తున్నాను గానీ, ఆ భారం మోసేది నేను కాదు.

దీనికి నాకు తోచిన దారి, ఏది చెప్పాలో ఏది చెప్పనక్కర్లేదో వేరుచేయడం. సంచి ఒకటే అన్నది చెప్పాలి, దాని మీద స్కానులు, స్టెరాయిడ్లు, కాన్పు చోటు, తేదీ అన్నీ ఆధారపడి ఉన్నాయి. తాళ్లు ఎంత పెనవేసుకున్నాయో, ముడి నిన్నటికంటే పెద్దదయిందో లేదో ప్రతి స్కానులో తల్లికి తెర మీద చూపించనక్కర్లేదు, దాన్నిబట్టి వైద్యం మారదు కాబట్టి. చివరి నెలలో ఆమెను చూసిన డాక్టరమ్మ ఈ పద్ధతే పాటించారు. తెర తనవైపు తిప్పుకుని, గుండెలు రెండూ బాగున్నాయని మాత్రం చెప్పి, ఆ చప్పుడు వినిపించి పంపేవారు.

రిపోర్టులో ఆ ఒక్క వాక్యం రాయించడం కష్టమేమీ కాదు. లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద మన దేశంలో గర్భిణికి స్కాను చేసిన ప్రతి కేంద్రమూ స్కాను వివరాలు రాసే ఫారం ఎఫ్ నింపాలి, నింపకపోతే శిక్ష ఉంది, అందుకే ఎంత రద్దీలోనైనా నింపుతున్నారు. అదే కేంద్రం కవలల రిపోర్టులో మాయలెన్ని, సంచులెన్ని, ఏ వారంలో చూశారు అన్నది రాయకుండా సంతకం పెట్టకూడదన్న నియమం ఉంటే, అది స్కాను నిడివిని రెండు నిమిషాలు కూడా పెంచదు. నియమం వచ్చేదాకా ఆ పని 9వ తేదీ పరీక్షల్లో కూర్చునే డాక్టర్లూ, కార్డు చూసే ఏఎన్ఎంలూ చేయవచ్చు. ఎర్ర స్టిక్కరు అంటించే ముందు రిపోర్టులో ఆ వాక్యం వెతకాలి, లేకపోతే పద్నాలుగో వారం దాటకముందే ఆమెను మళ్లీ స్కానుకు పంపాలి.